సాయంత్రం నాలుగు తర్వాత
(పి.వి. నరసింహారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాసం)



పి.వి. నరసింహారావు గారి పేరు వినగానే 1991 ఆర్థిక సంస్కరణలు గుర్తొస్తాయి. ఆయన బహుభాషా పాండిత్యం గుర్తొస్తుంది. ఈ సాయంత్రం వాటి జోలికి పోవడం లేదు. 1921 జూన్ 28న లక్నేపల్లిలో పుట్టి, వంగరకు దత్తత వెళ్లిన ఆ పిల్లవాడు ప్రాథమిక విద్య కొంత కట్కూరులో బంధువుల ఇంట ఉండి చదివాడు. పెద్దయ్యాక న్యాయశాస్త్రం కోసం నాగపూరు దాకా వెళ్లాడు. ఆనాటి పల్లెటూరి పిల్లవాడికి చదువు కావాలంటే ఇల్లు వదలక తప్పేది కాదు. బంధువులు ఉన్నవాడికి ఇల్లు దొరికేది, లేనివాడు చదువు మానుకునేవాడు.

అది అనుభవించిన మనిషి 1971 సెప్టెంబరు 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. రెండు నెలలు తిరక్కముందే, నవంబరు 23న, అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్రంలో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది గురుకుల విద్యాలయాల సంస్థ ఏర్పడింది. గుంటూరు జిల్లాలో తాడికొండ, అప్పటి అనంతపురం జిల్లాలో కొడిగెనహళ్లి సర్వేల్ వెనకే వచ్చాయి. 1985లో కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖ ఏర్పడినప్పుడు దానికి తొలి మంత్రి ఆయనే. నవోదయ విద్యాలయాలు మొదలైంది ఆ కాలంలోనే. ఇవాళ దేశంలో వాటి సంఖ్య ఆరు వందలు దాటింది. ఒక్క తమిళనాడు మాత్రం వాటిని వద్దనుకుంది.

కాబట్టి ఆయన స్మృతిలో మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన విషయం దొరకదు: పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచి చదివించాలనుకుంటే ఏ బడిలో వేయాలి? చెప్పదలచుకున్నది ఒకటే మాట. పాఠాలు, ఫలితాలు, ర్యాంకులు చూసి మామూలు బడిని ఎంచుకోవచ్చు. రాత్రి కూడా పిల్లలు ఉండే బడిని మాత్రం సాయంత్రం నాలుగు నుంచి మర్నాడు పొద్దున ఎనిమిది దాకా అక్కడ ఏం జరుగుతుందో చూసి ఎంచుకోవాలి. మిగతాదంతా దీనికి వివరణే.

1. ముందు ఇంట్లో తేలాల్సింది

బడుల జాబితా తీయడానికి ముందు, ఎందుకు పంపుతున్నామో ఇంట్లో తేలాలి. పైకి చెప్పే కారణం ఒకటి, లోపలి కారణం ఇంకొకటి అయితే ఎంపిక అక్కడే తప్పుతుంది.

కొన్ని కారణాలు నిక్కచ్చిగా ఉంటాయి. ఊళ్లో ఐదో తరగతి దాటితే బడి లేదు. పాలమూరు వైపు కుటుంబాలు పని వెతుక్కుంటూ వలస పోతాయి, పిల్లల్ని వెంట తీసుకుపోతే చదువు గంగలో కలిసినట్టే. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో తండ్రి గల్ఫ్‌లో, కోనసీమ, కడప వైపు ఎన్నో ఇళ్లలో తల్లి కువైట్‌లో ఉంటారు. ముసలి నాయనమ్మ ఎంతని చూడగలదు? ఇలాంటి ఇళ్లకు హాస్టల్ బడి నిజంగా ఒక ఇల్లు. వీళ్లు మొదట చూడాల్సింది అక్కడ భద్రత ఎలా ఉంది, పండుగ సెలవుల్లో ఎవరూ తీసుకెళ్లని పిల్లల్ని ఏం చేస్తారు అన్నది. ఐఐటీ సీట్ల లెక్క తర్వాతి సంగతి.

ఇంకో కారణం ఉంది. "ఫోన్ వదలడు, మా మాట వినడు, హాస్టల్లో పడేస్తే దారికొస్తాడు." (నవ్వుతున్నారంటే ఈ మాట ఈ హాలుకు కొత్త కాదన్నమాట.) అల్లరి చేసినప్పుడల్లా "హాస్టల్లో వేసేస్తాం జాగ్రత్త" అని మూడేళ్లు బెదిరించి, నాలుగో ఏడు నిజంగానే వేస్తే, ఆ పిల్లవాడు బడి గేటు దగ్గరికి శిక్ష పడినవాడిలా వస్తాడు. ఎంత మంచి మాస్టారైనా ముందు ఆ శిక్షను విప్పాలి, పాఠం ఆ తర్వాత. ఇంట్లో తండ్రి మాట వినని పదమూడేళ్ల వాడు అరవై మందిని చూసే వార్డెన్ మాట వింటాడనుకోవడం అత్యాశ.

పక్కింటి వాళ్ల అబ్బాయి చేరాడు కాబట్టి మన వాడినీ చేర్చడం మూడో రకం. దాని మీద సమయం వృథా చేయనక్కర్లేదు.

2. గేటు చూస్తే బడి తెలుస్తుంది

ప్రతి గురుకులాన్నీ ఎవరో ఏదో ఒక పని కోసం పెట్టారు. ఆ పని ఏమిటో తెలుసుకోవడానికి బ్రోచర్ చదవనక్కర్లేదు. లోపలికి ఎవరిని, ఏం చూసి రానిస్తున్నారో గమనిస్తే చాలు.

నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రెండు గంటలు, 100 మార్కులు. అందులో సగం మానసిక సామర్థ్యానివి, మిగతా సగం లెక్కలు, భాష పంచుకుంటాయి. పరీక్ష తెలుగులోనే రాయవచ్చు. ఐదో తరగతి చదువుతున్నప్పుడు ఒక్కసారే రాయాలి, ఈ పరీక్షకు రెండో అవకాశం లేదు. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. అంటే ట్యూషన్ పెట్టించుకోలేని పల్లెటూరి చురుకైన పిల్లల్ని వెతికి పట్టుకోవడానికి పెట్టిన బడి అది. ఇంకో సంగతి చాలామందికి చేరాక గాని తెలియదు. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని ఒక ఏడాది హిందీ రాష్ట్రాల నవోదయకు పంపుతారు, అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. మైగ్రేషన్ అంటారు. పద్నాలుగేళ్లకు రొట్టెలు, చలి, హిందీ ఒక్కసారే మీద పడతాయి. కొందరు పిల్లలకు జీవితంలో దొరికిన గొప్ప ఏడాది అదే. అన్నం మారితేనే జ్వరం తెచ్చుకునే పిల్లవాడి తల్లిదండ్రులు మాత్రం ఈ ముక్క ముందే తెలుసుకోవాలి.

విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్ 1962లో మొదలైంది. ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 300 మార్కులకు 150 గణితానివే. ఆ తర్వాత వైద్య పరీక్ష కూడా ఉంటుంది. పిల్లల్ని నేషనల్ డిఫెన్స్ అకాడమీకి తయారు చేయడం ఆ బడి పుట్టుకకు కారణం. అక్కడ చదివి డాక్టర్లు, ఇంజనీర్లు అయినవాళ్లు లేరని కాదు. కానీ తెల్లవారుజామున మైదానం, నిలువునా నిలబడే క్రమశిక్షణ, సాయంత్రం ఆటలు ఆ బడికి ప్రాణం. "క్రమశిక్షణ వస్తుంది, ఆర్మీకి మాత్రం పంపం" అనుకుంటూ చేర్చే తల్లిదండ్రులు ఏడేళ్లు బడితో పోట్లాడుతూనే ఉంటారు. 2021 నుంచి ఆడపిల్లలకూ అన్ని సైనిక్ స్కూళ్లలో ప్రవేశం ఉంది. ఇంట్లో చెట్లెక్కే ఆడపిల్ల ఉంటే ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

హకీంపేట క్రీడా పాఠశాలలో చేరాలంటే రాత పరీక్ష కాదు. నాలుగో తరగతికి పిల్లల్ని పరుగెత్తిస్తారు, గెంతిస్తారు, మెడిసిన్ బాల్ విసిరిస్తారు. మూడో తరగతి పుస్తకం చూస్తే నిద్రొచ్చే, మైదానం చూస్తే లేచి కూర్చునే పిల్లలకు ఇలాంటి గేటు ఒకటి ఉందని ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల సంగతి ఇంకా వేరు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లలు, తల్లో తండ్రో లేని ఆడపిల్లలు అక్కడ ముందు. అవసరమే అక్కడ అర్హత. ప్రతిభ గల బడి, ప్రతిభ లేని బడి అని వీటికి తరగతులు కట్టడం మన బంధువుల ఇళ్లలో మామూలే గాని, అది తెలివి తక్కువ పని.

మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ మరో కొస. అక్కడ సాయంత్రం పిల్లలంతా ఒక చోట మౌనంగా కూర్చుని పొద్దుగూకడం చూస్తారు. అస్తాచల్ అంటారు. పోటీ పెట్టకుండా చదువు చెప్పాలన్నది ఆ బడి పట్టుదల. ఫీజు లక్షల్లో. అక్కడికి పంపి, తొమ్మిదో తరగతిలో "ఐఐటీ ఫౌండేషన్ ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడగడం బడికీ పిల్లలకూ ఇబ్బంది.

ఇక ఇంటర్ హాస్టల్ క్యాంపస్‌లు. గేటు దగ్గర పదో తరగతి మార్కులు, ఫీజు రాయితీ బేరం. లోపల వారం వారం పరీక్ష, ర్యాంకును బట్టి సెక్షన్. ఆ పరుగుకు తట్టుకునే పిల్లలు ఉన్నారు, దాన్ని ఇష్టపడే పిల్లలు కూడా ఉన్నారు. కాని అక్కడ అడగాల్సిన ప్రశ్న "టాప్ ర్యాంకు ఎవరిది?" అన్నది కాదు. ఆ ఫోటో హోర్డింగ్ మీద ఉండనే ఉంది. "పై సెక్షన్ నుంచి కిందికి దిగిన పిల్లలతో ఆ రాత్రి ఎవరు మాట్లాడతారు?" అని అడగండి. జవాబు కోసం కౌంటర్ దగ్గర కూర్చున్న ఆయన పక్కాయన వైపు చూస్తే, మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

3. నాలుగు నుంచి ఎనిమిది

తరగతి గది ఏడెనిమిది గంటల వ్యవహారం. మిగతా పదహారు గంటలు ఆట, స్నానం, తిండి, స్టడీ అవర్, నిద్ర, ఏడుపు, స్నేహాలు, తగాదాలు. బడులు ఒకదానికొకటి తేడాగా ఉండేది ఈ పదహారు గంటల్లోనే.

ఒక ఉదాహరణ అందరికీ తెలిసిందే. అప్పటి నిజామాబాద్ జిల్లాలో, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పధ్నాలుగేళ్లు నిండలేదు. ఖమ్మం వైపు నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా అదే రోజు ఎక్కాడు. భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కే శిక్షణతో మొదలై డార్జిలింగ్ మీదుగా ఎవరెస్ట్ దాకా వెళ్లిన దారి అది. వ్యవసాయ కూలీల ఇంటి పిల్లకు గుట్టెక్కే బలం ఉందని లెక్కల పరీక్షలో బయటపడదు. తరగతి గది బయట పిల్లలేం చేయగలరో చూడాలన్న పట్టుదల ఉన్న వ్యవస్థలో బయటపడింది.

మరి మీ పిల్లల సంగతి? సాయంత్రం ఇంట్లో మీ పిల్ల ఏం చేస్తుందో ఒక వారం గమనించండి. మూల కూర్చుని కథల పుస్తకం చదివే పిల్లకు లైబ్రరీ తలుపు సాయంత్రం తెరిచి ఉండే బడి కావాలి. చాలా హాస్టళ్లలో లైబ్రరీ ఉంటుంది, తాళం కూడా ఉంటుంది. ఒక్క నిమిషం కుదురుగా ఉండని వాడికి రెండు గంటల ఆట లేకపోతే వాడి శక్తి అంతా పక్కవాడిని గిల్లడంలో ఖర్చవుతుంది. నలుగురిలో నోరు విప్పని పిల్లవాడిని వెయ్యి మంది ఉన్న క్యాంపస్‌లో వేస్తే వాడు లేడని కనిపెట్టడానికే రెండు రోజులు పడుతుంది.

పెద్ద తరగతుల పిల్లల పెత్తనం గురించి ఎవరూ మాట్లాడరు. చిన్నవాళ్ల చేత బట్టలు ఉతికించుకోవడం, తినుబండారాలు లాక్కోవడం కొన్ని చోట్ల ఆనవాయితీ పేరుతో నడిచిపోతుంది. ఆరో తరగతి వాళ్లకు వేరే గది ఉందా, ఆ వరండాలో రాత్రి పెద్దవాళ్లు ఎవరైనా పడుకుంటారా, పడుకునేది ఉపాధ్యాయుడా, వాచ్‌మనా? ఇది అడగడానికి మొహమాటపడే తండ్రులు ఫీజు తగ్గించమని మాత్రం గంటసేపు అడుగుతారు.

4. ఏ వయసులో

ఐదో తరగతి గురుకుల ప్రవేశం తొమ్మిది పదేళ్ల వయసులో. నవోదయ, సైనిక్ ఆరో తరగతిలో. సైనిక్‌కు తొమ్మిదో తరగతిలోనూ దారి ఉంది. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు పదో తరగతి తర్వాత ఆరేళ్లు. అంటే ఒక తలుపు మూసుకుపోతే ఇంకోటి ఉంటుంది, తొందరపడనక్కర్లేదు.

బ్రిటన్‌లో పెద్దింటి పిల్లల్ని ఏడెనిమిదేళ్లకే బోర్డింగ్‌లో వేయడం తరాల అలవాటు. అలా పెరిగిన పెద్దవాళ్లకు చికిత్స చేసిన జాయ్ షావెరియన్ అనే సైకోథెరపిస్టు 2011లో వాళ్లలో కనిపించే బాధలకు 'బోర్డింగ్ స్కూల్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. దగ్గరివాళ్లతో కూడా మనసు విప్పలేకపోవడం అందులో ముఖ్యమైనది. మన దగ్గర అన్ని వసతులూ ఉన్న ఇంటి నుంచి ఒకటో తరగతి పిల్లల్ని హాస్టల్‌కు పంపేవాళ్లు ఇది చెవిన వేసుకోవాలి. గత్యంతరం లేని ఇళ్ల మాట వేరు. ఉట్నూరు, భద్రాచలం వైపు గోండు, కోయ పిల్లలు చిన్న వయసులోనే ఆశ్రమ పాఠశాలల్లో చేరతారు. ఆ పిల్లల్లో చాలామందికి ఇంటి భాష తెలుగు కూడా కాదు. అక్కడ రాత్రి వాళ్ల భాషలో మాట్లాడే ఆయా ఒక్కరు ఉంటే వచ్చే తేడాను ఏ రిపోర్టు కార్డూ చూపించదు.

పదేళ్లు దాటిన పిల్లలు సిద్ధంగా ఉన్నారో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. వేసవిలో రెండు వారాలు అమ్మమ్మ ఇంటికో, మేనత్త ఇంటికో మీరు లేకుండా పంపండి. తన బట్టలు తాను ఉతుక్కుంటున్నాడా, వడ్డించినది తింటున్నాడా, కడుపు నొప్పి వస్తే ఎవరికైనా చెబుతున్నాడా? పక్క తడిపే అలవాటు ఇంకా పోకపోతే సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించండి, ఆ ఏడాది ఆగండి. పాతిక మంది పడుకునే గదిలో తెల్లారి తన దుప్పటి తాను దాచుకునే పిల్లవాడి అవస్థ పెద్దలకు అర్థం కాదు. ఆడపిల్ల అయితే, మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో, ప్యాడ్లు ఎక్కడ దొరుకుతాయో, వాటిని పడేసే చోటు ఉందో లేదో తల్లి స్వయంగా వెళ్లి కనుక్కోవాలి.

పిల్లల్ని అడగాలా? అడగాలి. "వెళ్తావా?" అని అడిగితే కొత్త ట్రంకు పెట్టె మోజులో వెళ్తాననే అంటారు. బడి చూపించి, రాత్రి అక్కడే ఉండాలని చెప్పి, నాలుగు రోజులు ఆగి మళ్లీ అడగండి.

5. వెళ్లి చూడటం

ప్రిన్సిపాల్ గదిలో కప్పులు, షీల్డులు చూసి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. వీలైతే సాయంత్రం ఏడింటికి వెళ్లండి. అనుమతించకపోతే ఎందుకో అడగండి.

ముందు మరుగుదొడ్లు. ఎన్ని ఉన్నాయి, ఎన్నింటికి గడియ పడుతుంది, నీళ్లు వస్తున్నాయా? తర్వాత మెస్. వరసలో ముందున్న పిల్లల పళ్లెం చూడకండి. చివరగా వచ్చిన పిల్లల దాకా నిలబడండి. వాళ్లకు కూర మిగిలిందా, పెరుగు నీళ్లయ్యిందా? ఒక హాస్టల్లో బకెట్ల మీద పేర్లు నెయిల్ పాలిష్‌తో రాసుకున్నారు పిల్లలు. ఒక ఎర్ర బకెట్ మీద మూడు పేర్లు కొట్టేసి నాలుగోది రాసి ఉంది. ఆరా తీస్తే ఆ ఏడాది చేరి మధ్యలో వెళ్లిపోయిన పిల్లల బకెట్ అది. బడివాళ్లు ఇచ్చే లెక్కల కన్నా ఆ బకెట్ ఎక్కువ చెప్పింది.

ఏడో తరగతి పిల్లల్లో ఒకరిని పక్కకు పిలవండి. బడివాళ్లు చూపించిన లీడర్‌ను వద్దు. "రాత్రి జ్వరం వస్తే ఎవరికి చెప్తావ్?" అని అడగండి. తడుముకోకుండా ఒక పేరు చెబితే సంతోషం. "ఎవరికీ చెప్పం, పొద్దున చూస్తారు" అంటే వచ్చిన దారినే తిరిగి రండి. వార్డెన్లు, కేర్‌టేకర్లు ఏడాదిలో ఎంతమంది మారారో కూడా కనుక్కోండి. కాంట్రాక్టు మీద వచ్చి నాలుగు నెలలకే పోయే మనిషి పిల్లల పేర్లే గుర్తుపెట్టుకోలేరు, బాధలు ఎక్కడ గుర్తుపెట్టుకుంటారు?

ఆసుపత్రి ఎంత దూరం, రాత్రి బండి ఉందా, నర్సు ఉందా అన్నవి సరే. కలుషితాహారంతో పిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం కాబట్టి వంటగది, నీళ్ల ట్యాంకు చూడకుండా రావద్దు.

6. చేర్చాక

జూన్‌లో వదిలి వచ్చిన రోజు ఏడ్చే పిల్లల గురించి అంత కంగారు పడనక్కర్లేదు. కొత్త దుప్పటి, కొత్త స్నేహితులతో మొదటి నెలలు గడిచిపోతాయి. దసరా సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్లే రోజున అసలు సంగతి తెలుస్తుంది. కడుపు నొప్పి, తలనొప్పి, ఏదో పోయిందని వెతుకులాట. ఊరికే బెంగా, లేక అక్కడ ఏదైనా జరిగిందా అని ఆ రోజు కూర్చోబెట్టి అడగాలి. నెలకో ఆదివారం చూడ్డానికి వెళ్లి, వేప చెట్టు కింద పులిహోర డబ్బా విప్పి, మొదటి ప్రశ్నే "మార్కులెన్ని?" అని వేసే తండ్రికి పిల్లవాడు ఏదీ చెప్పడు.

బడిలో కొట్టడాన్ని చట్టం నిషేధించిందని, చైల్డ్‌లైన్ నంబరు 1098 అని పిల్లలకు నోటికి వచ్చేలా నేర్పండి. నప్పకపోతే వెనక్కి తీసుకురావడానికి వెనకాడకండి. ఫీజు పోయినా, బంధువులు నవ్వినా, ఒక ఏడాది వృథా అయినా సరే.

చివరగా ఒక విన్నపం. ఈ హాలులో గురుకులాల్లో, నవోదయల్లో, కోరుకొండలో చదివినవాళ్లు తప్పకుండా ఉంటారు. పోలీసు డైరెక్టర్ జనరల్ దాకా ఎదిగిన మహేందర్ రెడ్డి గారు సర్వేల్ పూర్వ విద్యార్థే. అలాంటి విజయాల గురించి సన్మాన సభల్లో వింటూనే ఉన్నాం. అలా చదివిన మీరు, ప్రవేశ ప్రకటనలు రాకముందే మీ ఊళ్లో ఐదో తరగతి పిల్లలున్న ఇంటికి ఒక సాయంత్రం వెళ్లండి. మీ హాస్టల్లో రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా ఎలా గడిచేదో, మంచీ చెడూ దాచకుండా, ఆ తల్లిదండ్రులకూ పిల్లలకూ కూర్చోబెట్టి చెప్పండి.